మూసిన ఇంట్లో ఆకు దంచే చప్పుడు

మా ఇల్లు కళ్లముందే ఉండేది. అదే నా బాధ. ఎక్కడో దూరంగా ఉంటే ఆ ఎండాకాలం దాన్ని మరిచిపోయి బతికేదాన్నేమో. కిరాయి గది కిటికీ తెరిస్తే చాలు, సందుకు అటువైపు మా అరుగు, మా తలుపు, తలుపుకు తాళం, తాళానికి అడ్డంగా సర్కారు తుమ్మ కంప కనబడేవి. లోపల నా మంచం, నా ఫిజిక్స్ పుస్తకాలు, నేను కూర్చుని చదువుకునే కిటికీ గట్టు ఉన్నాయి. ఇవతల నేను, ఒళ్లో ఒక్క కెమిస్ట్రీ పుస్తకం పెట్టుకుని ఎంసెట్‌కు చదువుతున్నట్టు నటిస్తున్నాను.

2005 సంగతి. ఆ మాఘమాసంలో మా తాత మొగులయ్య తన నులక మంచం మీద నిద్రలోనే పోయాడు. ఎవరి చేతా సేవ చేయించుకోకుండా పోయాడని అందరూ మెచ్చుకుంటుంటే పంతులు వచ్చి వేళ్లు లెక్కబెట్టి ధనిష్ఠ నక్షత్రం అన్నాడు. అంతే, అయిపోయింది. ధనిష్ఠలో ప్రాణం పోతే ఆ ఇల్లు ఆరు నెలలు మూసెయ్యాలి. అందులో పొయ్యి వెలగకూడదు, ఎవరూ పడుకోకూడదు. కాదని ఉంటే ఆ ఇంట్లో ఇంకొకరికి గండం. చేతికందినవి తెచ్చుకుని, గడపకు అడ్డంగా ముళ్లకంప వేసి బయటపడ్డాం. తెచ్చుకోవడం మరిచిపోయినవి ఆరు నెలలు మరిచిపోయినట్టే. మా షామీర్‌పేటలో ఇది ఎవరికీ వింత కాదు. తలుపు మీద కంప చూసి "ధనిష్ఠనా?" అని అడిగి, అవునంటే తల ఊపి వెళ్లిపోతారు.

"పోనీకి తాతకు ఇంకో రోజు దొరకలేదా?" అని నేను పైకే అన్నాను. అమ్మ చేతిలో ఉన్న చీపురు నా మీదికి వచ్చింది.

ధనిష్ఠ వాళ్లకు ఎవరూ కిరాయికి ఇవ్వరు. నక్షత్రాలతో పని లేని ప్రభుదాసు గారు ఒక్కరే ఇచ్చారు. మా ఎదురిల్లే వాళ్లది. ఆయన యాప్రాల్ దగ్గర మిలిటరీ క్యాంటీన్‌లో పని చేసేవారు, ఎస్తేరు ఆంటీ ఆస్పత్రిలో నర్సు. వాళ్ల కూతురు కెజియా ఒకటో తరగతి నుంచి నా దోస్తు. కెజియా అన్న ఫిన్నీ మేడ్చల్‌లో డిగ్రీ చదువుతూ చర్చిలో కీబోర్డు వాయించేవాడు. చిన్నప్పటి నుంచి చూస్తున్న మనిషే. కానీ ఒకే ఇంట్లో ఉండటం వేరు. పొద్దున్నే జుట్టు చెదిరి, చేతిలో బకెట్ పట్టుకుని, బాత్రూం ముందు అతని వెనక వరసలో నిలబడి ఉన్నప్పుడు నాకు అతని మీద ఇష్టం మొదలైంది. అంతకన్నా చెత్త సమయం ఉంటుందని నేననుకోను.

మా రెండు గదుల కష్టం వేరే. నాయినకు మేడ్చల్‌లో మందుల కంపెనీలో రాత్రి షిఫ్టు. పొద్దున వచ్చి పడుకునేవాడు. కాబట్టి పగలంతా మేం గుసగుసలాడాలి. గిన్నె చప్పుడు కాకూడదు, కుర్చీ జరపకూడదు. ఒకసారి అవ్వ మూలన కూర్చుని తాతను తలుచుకుని రాగం తీసి ఏడవబోయింది. ఐలమ్మ అవ్వకు చెవులు అంతంత మాత్రం, తన గొంతు తనకు తెలియదు. నాయిన ఉలిక్కిపడి లేచాడు. "అత్తా, మెల్లగ. ఇప్పుడే పండుకున్నడు" అంది అమ్మ. అవ్వ కొంగు నోట్లో కుక్కుకుని ఊరుకుంది. తర్వాత ఆ గదుల్లో ఆమె ఏడవడం నేను చూడలేదు.

కొన్నాళ్లకు అవ్వ కొత్త అలవాటు మొదలుపెట్టింది. మధ్యాహ్నం భోజనం కాగానే ఫిన్నీ వెంట చర్చికి బయలుదేరేది. అతను కీబోర్డు ప్రాక్టీసు చేస్తుంటే అక్కడ చల్లగా కూర్చుంటుందట. అమ్మకు ఒళ్లు మండింది.

"నీళ్ల బిందె పట్టుకోమంటే మోకాళ్లు నొస్తయి. చర్చికైతే ఉరుకుతది. తాత పోయి ఎన్ని దినాలైందని దేవుణ్ని మార్చుకుంటాంది?"

"పోనీయ్. ఆడ ఫ్యాన్లున్నయి" అన్నాడు నాయిన దిండు చెవి మీద పెట్టుకుని.

చప్పుడు మొదటిసారి వినబడింది ఏప్రిల్‌లో. నేను, కెజియా మెట్ల మీద కూర్చుని మామిడికాయ ముక్కలు ఉప్పుకారంలో అద్దుకుని తింటున్నాం. కరెంటు పోయింది. అన్ని ఇళ్లలో ఫ్యాన్లు, టీవీలు ఒక్కసారి ఆగి సందంతా నిశ్శబ్దమైంది. అప్పుడు వినబడింది, ఎదురుగా తాళం వేసిన మా ఇంట్లోంచి. టంగు, టంగు, టంగు. కొంచెం ఆగి మళ్లీ టంగు.

కెజియా చేతిలో ముక్క నోటి దాకా వెళ్లి ఆగిపోయింది. "గది మీ తాత ఆకు సప్పుడు గదనే!"

అవును. తాతకు పళ్లు లేవు. రోజూ మధ్యాహ్నం బువ్వ తిన్నాక అవ్వ అరుగు మీద కూర్చుని చిన్న ఇనప రోట్లో ఆకు, వక్క, సున్నం వేసి దంచి ముద్ద చేసి ఆయన చేతిలో పెట్టేది. ఇన్నేళ్లుగా సందులో ప్రతి ఇంటికీ తెలిసిన చప్పుడది. "మొగులయ్య బువ్వ తిన్నడు" అనుకుని ఆడవాళ్లు కాసేపు నడుం వాల్చేవాళ్లు.

సాయంత్రానికి కిరాణా కొట్టు దాకా, మర్నాటికి బస్టాండు దాకా పాకింది. మొగులయ్య దయ్యమయ్యాడు, ఆకు దొరక్క తిరుగుతున్నాడు, కరెంటు పోగానే వస్తాడు. ఈ చివరి మాట ఎవరు కనిపెట్టారో కానీ నిజంగానే కరెంటు పోయినప్పుడే వినబడేది. ఫ్యాన్ల రొదలో వినబడదన్న ఆలోచన ఒక్కరికీ రాలేదు, నాకు కూడా.

ఒక్క విషయంలో మాత్రం ఊరంతా మర్యాద పాటించింది. అవ్వకు ఎవరూ చెప్పలేదు. కట్టుకున్నవాడు దయ్యమై తిరుగుతున్నాడని ముసలిదాని చెవిలో అరిచి ఎవరు చెబుతారు? ఆమె రాగానే మాట మార్చేవాళ్లు. షామీర్‌పేటలో ఆ దయ్యం సంగతి తెలియని మనిషి అవ్వ ఒక్కతే.

నాయిన మొదట ఎలుకలన్నాడు. తర్వాత ఒక మధ్యాహ్నం కరెంటు పోయి ఫ్యాను ఆగితే చెమటకు మెలకువ వచ్చి బయటికి వచ్చాడు. చప్పుడు మొదలైంది. బనీను మీద అలాగే నిలబడి విన్నాడు. "బాపూ" అన్నాడు మెల్లగా. తర్వాత లోపలికి వచ్చి గోడ వైపు తిరిగి పడుకున్నాడు. మేం మాట్లాడుకున్నా ఆ రోజు ఏమీ అనలేదు.

ఆ వారంలోనే వీరేందర్ దిగాడు. ఆ రోజుల్లో కొంపల్లి నుంచి మా దాకా ఎక్కడ ఖాళీ జాగా కనబడినా అక్కడ ఒక వీరేందర్ బండి ఆపి నిలబడి ఉండేవాడు. మా వీరేందర్ తెల్ల చొక్కా వేసుకుని, నల్ల కళ్లద్దాలు నెత్తి మీద పెట్టుకుని మా అరుగు మీద కాలు పెట్టబోయి, కంప చూసి తీసేశాడు.

"నగేషన్నా, దయ్యమున్న ఇల్లు ఎవడు కొంటడు సెప్పు. మా పార్టీకి గసుంటి పట్టింపు లేదు. ఇల్లు కూలగొట్టి నాలుగంతస్తులు లేపుతడు. నువ్వు కొంపల్లిల ఫ్లాటు తీసుకో. లిఫ్టుంటది. పిల్లకు కాలేజి దగ్గర."

"ఆలోచన జేస్త" అన్నాడు నాయిన. ఆలోచించి, వైశాఖంలో వచ్చే పెద్ద హనుమాన్ జయంతి మర్నాడు బయానా తీసుకుంటానన్నాడు. బయానా డబ్బు పుచ్చుకుంటే మాట అయిపోయినట్టే, వెనక్కి ఉండదు.

నాకు పిచ్చి కోపం వచ్చింది. "ఇల్లు అమ్ముతవా నాయినా? ఒక సప్పుడుకా?"

"నువ్వు సదువుకో పో."

"ఏడ సదువుకోవాలె? పుస్తకాలు గా ఇంట్లనే ఉన్నయి!"

"మెల్లగ మాట్లాడు."

"అవ్వకు సెప్పినవా?"

నాయిన గది తలుపు దగ్గరికి వేశాడు. "అయినంక సెప్త. ఇప్పుడు సెప్తే ఎందుకు అమ్ముతున్నవంటది. ఏమని సెప్పాలె? బాపు నిన్ను ఇడిసి పోలేదు, ఆకు కోసం తిరుగుతుండని సెప్పాలెనా?" అన్నాడు. ఆ మాట అని తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. దాంతో నా కోపం సగంలో ఆగిపోయి ఇంకా చిరాకైంది.

బయానా లోపల ఆ చప్పుడేమిటో తేల్చాలి. కెజియాను, ఫిన్నీని వాళ్ల డాబా మీదికి పిలిచాను.

"మా దాంట్ల గూడ దయ్యాలుంటయి గని ఆకులు తినయి" అంది కెజియా. ఆమె భయం ఆమెది.

మా ఇంటికి రెండే దారులు. సందులోకి ముందు తలుపు, వెనక చర్చి గోడ పక్కనున్న గల్లీలోకి దొడ్డి తలుపు. దానికీ తాళం, దానికీ కంప. ముందు తలుపు మేం చూస్తూనే ఉన్నాం. "దొడ్డి దిక్కు నేను సూస్త. నాకెట్లాగు చర్చి అటే" అన్నాడు ఫిన్నీ. నాకు అతను ఎంతో మంచివాడు అనిపించాడు.

రోజూ వచ్చి "ఎవ్వరు రాలే" అనేవాడు. ముగ్గుపిండి పొట్లం కట్టి ఇచ్చి, దొడ్డి గడప ముందు చల్లమన్నాను. అడుగులు పడితే తెలుస్తుంది కదా. మర్నాడు వెళ్లి చూస్తే పిండి చల్లింది చల్లినట్టే ఉంది. ముందు రోజు మధ్యాహ్నం చప్పుడు మాత్రం వచ్చింది. "పిల్లి గూడ తొక్కలే" అన్నాడు ఫిన్నీ. కెజియా ఆ రోజు నుంచి వాళ్ల అమ్మ పక్కన పడుకోవడం మొదలుపెట్టింది. నేను కెమిస్ట్రీ పుస్తకం ఒకే పేజీ దగ్గర తెరిచి పెట్టుకుని, గోడలను దాటి వచ్చేవాళ్లు ఎవరుంటారని ఆలోచిస్తూ కూర్చున్నాను.

ఒక సాయంత్రం ఫిన్నీ సంపు దగ్గర చేతులు కడుక్కుంటున్నాడు. మోచేతుల దాకా గీతలు. కొన్ని ఎండిపోయాయి, కొన్ని పచ్చిగా ఉన్నాయి.

"ఏమైంది?"

"పిల్లి."

"చర్చిల పిల్లి ఏడిది?"

నవ్వాడు. పసుపు, కొబ్బరినూనె కలిపి తెచ్చి రాశాను. అడిగి రాయలేదు, కోపంగా రాశాను. అతను చెయ్యి లాక్కోలేదు. నా వేళ్లు పసుపు, అతని చెయ్యి పసుపు. పెరట్లో ఎవరూ లేరు.

"స్రవంతీ, నీకొకటి సెప్పాలె" అన్నాడు.

పసుపు గిన్నె కింద పెట్టాను. "సెప్పు."

నా ముఖంలోకి చూశాడు, కిందికి చూశాడు. "ఏం లేదు. నీ ఎంసెట్ అయినంక సెప్త."

ఇలాంటి మాట అని వెళ్లిపోయేవాళ్లను ఏం చెయ్యాలి? ఇంట్లో చదవడానికి చోటు లేదు, పుస్తకాలు లేవు, ఎదురింట్లో తాత దయ్యం. వాటికి తోడు ఇదొకటి. ఆ మాటను పట్టుకుని నేను చదివిన చదువేమిటో ఆ దేవుడికే తెలియాలి.

ఎంసెట్ దగ్గరికొచ్చింది. ఒక రోజు మేడ్చల్‌లో మాకు మోడల్ పరీక్ష. భోజనం చెయ్యకుండానే బస్టాండుకు వెళ్లాను. బస్సు రాలేదు. మేడ్చల్ దారిలో రాస్తారోకో చేస్తున్నారని, సాయంత్రం దాకా బస్సులు కదలవని అక్కడి వాళ్లు చెప్పారు. అందరినీ తిట్టుకుంటూ, నీడ ఉంటుందని చర్చి గోడ వెంట గల్లీలోంచి ఇంటికి నడిచాను.

దొడ్డి తలుపు మీద కంప లేదు. తీసి గోడకు ఆనించి ఉంది. తలుపు ఓరగా వేసి ఉంది. దాని ముందు రాయి మీద ఫిన్నీ కూర్చుని, మోకాళ్ల మీద వేళ్లతో కీబోర్డు వాయించుకుంటున్నాడు. నన్ను చూసి వేళ్లు ఆపాడు.

"నువ్వు మేడ్చల్ పోలే?"

నేను కంపను చూశాను, అతని చేతులను చూశాను. లోపల్నుంచి టంగు టంగుమని వినిపిస్తోంది.

అతను వద్దంటున్నా తలుపు సందులోంచి చూశాను. ములగచెట్టు దాటి వెనక గది తలుపు తెరిచి ఉంది. తాత నులక మంచం, దాని పక్కన నేల మీద కాళ్లు చాపుకుని మా అవ్వ కూర్చుని ఉంది. రోట్లో ఆకు దంచుతూ మంచంతో మాట్లాడుతోంది.

"...కోడలు మంచిదే. కూరల ఉప్పే తక్కువేస్తది. నీ కొడుకు సిక్కిపోయిండు, రాత్రి డ్యూటీలు. పిల్ల సదువుతాంది, సదువుతాందో లేదో నాకైతె ఎర్కలే. నువ్వుంటె అడుగుదువు..."

అక్కడ గొంతు ఆగింది. రోకలి పక్కన పెట్టి ఏడ్చింది. కొంగు అడ్డం పెట్టుకోకుండా, నోరారా, రాగం తీసి ఏడ్చింది. మళ్లీ ముక్కు తుడుచుకుని రోకలి అందుకుంది. ముద్ద తీసి మంచం పట్టె మీద, తాత చెయ్యి ఉండే చోట పెట్టింది.

నేను వెనక్కి వచ్చాను. గోడకు ఆనుకుని ఫిన్నీతో గుసగుసగానే కొట్లాడాను. రెండు గదుల్లో ఉండి ఆ విద్య బాగా వచ్చింది.

"ఎప్పటిసంది?"

"మీరొచ్చిన కొన్ని దినాలకే. దొడ్డి తాళంచెవి అవ్వ బొడ్లెనే ఉన్నది. కంప తియ్యరాక నన్నడిగింది. చర్చి గేటు దాక పోతం, ఆడికెల్లి ఇటు మర్లుతం."

"ముగ్గుపిండి?"

"రోజు ఊడ్సి మల్ల సల్లిన."

అతన్ని కొట్టాలనిపించింది. "నాకెందుకు సెప్పలే?"

"ఎవ్వరికి సెప్పనని అవ్వకు మాటిచ్చిన."

"ఒట్టేసినవా?"

"మేం ఒట్లు పెట్టుకోం. ఒట్టయితే తీసి గట్టు మీద పెడ్తుంటి. మాటను ఏడ పెట్టాలె?"

"ఇల్లు పోతాంది ఫిన్నీ! గా సప్పుడుకే!"

"ఎర్కే. రోజు అవ్వకు సెప్దామనే వస్త. సందుల దాక ఇనబడుతదని అవ్వకు తెల్వది. ఇట్ల ఏడ్సుకుంట కూసున్న మనిషికి, ఊరంత సెప్పుకునే దయ్యం నువ్వే అవ్వా అని ఎట్ల సెప్పాలె? నువ్వు సెప్తవా?"

లోపల ఏడుపు మళ్లీ మొదలైంది. నేను చెప్పలేనని నాకు తెలుసు. నాయినకు చెబుదామా అంటే అమ్మకు తెలుస్తుంది. ధనిష్ఠ ఇంట్లో అడుగు పెట్టిందని తెలిస్తే ఇక ఇంట్లో ఎవరికి తలనొప్పి వచ్చినా అవ్వ వల్లే. నా ర్యాంకు పోయినా అవ్వ వల్లే. చెబితే అవ్వకు ఏడ్చే చోటు పోతుంది, చెప్పకపోతే ఇల్లు పోతుంది.

"అప్పుడు సెప్తనన్నది గిదేనా? సంపు దగ్గర?" అని అడిగాను.

"ఆ. గిదే."

నేను గదికి వచ్చేశాను. ఎంసెట్ ఆ మనసుతోనే రాశాను. ఎలా రాశానో అడగొద్దు.

హనుమాన్ జయంతి అయింది, బయానా రోజు వచ్చింది. వీరేందర్ పార్టీని వెంటబెట్టుకుని వచ్చాడు. పార్టీ అంటే ఒక లావుపాటి మనిషి, మాటిమాటికీ చెమట తుడుచుకుంటున్నాడు. మా ఇంటి ముందు ఎండలో అందరం నిలబడ్డాం. ఆ రోజు డ్యూటీ లేని ఎస్తేరు ఆంటీ వాకిట్లోకి వచ్చింది. అందరి ముందూ అవ్వ దొరికిపోకూడదని, ఆమెను ఆ పూట తీసుకుపోవద్దని ఫిన్నీకి కెజియాతో కబురు పంపాను. చర్చికి తాళమని చెబితే అవ్వ లోపల గదిలో పడుకుంది. కరెంటు పోయింది. చప్పుడు రాలేదు.

"అందరు దయ్యమంటున్నరు. ఉన్నదా మరి?" అన్నాడు పార్టీ.

"ఉన్నదనే ఇస్తున్న" అన్నాడు నాయిన. రాత్రి డ్యూటీ చేసిన కళ్లు ఎర్రగా ఉన్నాయి. "మా బాపు మంచోడే. గని ఎదిగిన పిల్ల ఉన్నది. ఏమన్న అయితే ఎట్ల? ఈ పిల్లను తీస్కొని నేను గా ఇంట్ల ఉండలేను."

అప్పటి దాకా కొంపల్లి ఫ్లాటు కోసం, లిఫ్టు కోసం అమ్ముతున్నాడనుకున్నాను. నా కోసమని నాకు తెలియదు. నాయిన చెయ్యి చాపాడు. వీరేందర్ జేబులో చెయ్యి పెట్టాడు.

"దయ్యం లేదు నాయినా. ఇంట్లకు పోయేది నేనే" అన్నాను.

"అంకుల్, నేనే" అన్న మాట సరిగ్గా అదే క్షణంలో నా వెనక నుంచి వినబడింది.

తిరిగి చూస్తే ఫిన్నీ. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. అక్కడున్న అందరూ మా ఇద్దరినీ చూశారు. వీరేందర్ "ఓహో" అని నల్ల కళ్లద్దాలు సర్దుకున్నాడు. ఎస్తేరు ఆంటీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అప్పటికి గానీ మేమేం అన్నామో నాకు అర్థం కాలేదు. మూసిన ఇల్లు, మధ్యాహ్నాలు, ఇద్దరం! భూమి అక్కడే చీలితే బాగుండుననిపించింది. నాయిన ముఖం ఎండకు కాదు, వేరే రకంగా ఎర్రబడింది.

"ఏమంటున్నరే?" అని అవ్వ గొంతు వినబడింది. జనాన్ని చూసి ఎప్పుడు లేచి వచ్చిందో, గుమ్మంలో కెజియా చెయ్యి పట్టుకుని నిలబడి ఉంది.

కెజియాకు అసలు సంగతి తెలియదు, గుసగుసలాడటం అంతకన్నా రాదు. అవ్వ చెవి దగ్గర నోరు పెట్టి ఊరంతా దాచిన సంగతి ఊరంతటికీ వినబడేటట్టు చెప్పింది. "మీ ఇంట్ల తాత దయ్యమై ఆకు దంచుతుండంట అవ్వా! మధ్యాన్నం సప్పుడొస్తాంది! గందుకే మామ ఇల్లు అమ్ముతుండు! ఇప్పుడేమొ వీళ్లిద్దరు మేమే దంచినమంటున్నరు!"

అవ్వ కెజియా చెయ్యి వదిలింది. తర్వాత చెప్పులు లేకుండా ఆ ఎండలో సందు దాటి వచ్చింది. బొడ్లోంచి తాళంచెవి తీసి నాయిన చాపిన చేతిలో పెట్టింది.

"పోరగాండ్లు అబద్దమాడుతున్నరు. దంచింది నేను."

"అమ్మా! నువ్వెందుకు పోయినవే ఆ ఇంట్లకు?"

"రాత్రి డ్యూటీ జేసొచ్చి పగలు పండుకుంటవు. నేను ఏడిస్తె లేస్తవు. గా రెండు రూములల్ల ఏడ్వనీకి నాకు జాగ ఏడున్నది నగేషూ?"

అమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. భయానికో, ఆ రోజు "మెల్లగ" అన్న మాట గుర్తొచ్చో నాకు తెలియదు. పార్టీ ఇంకోసారి చెమట తుడుచుకున్నాడు.

"మంచిగైంది, దయ్యం గియ్యం లేదని తేలింది. మరి బయానా..." అన్నాడు వీరేందర్.

"ఎండగొడుతాంది వీరేందర్. ఇంటికి పో" అన్నాడు నాయిన, తాళంచెవి జేబులో వేసుకుంటూ.

మర్నాడు పొద్దున డ్యూటీ నుంచి వచ్చి నాయిన పడుకోలేదు. భోజనాలయ్యాక ముందు తలుపు మీది కంపను తనే లాగాడు. అలవాటు లేని చేతులు, రెండు చోట్ల రక్తం వచ్చింది. అమ్మ గడప ఇవతలే ఆగి, "ధనిష్ఠ ఇల్లు. పంతులుకు తెలిస్తె ఏమంటడో" అంది.

"పొయ్యి ముట్టియ్యొద్దన్నడు, పండొద్దన్నడు. ఏడ్వొద్దని సెప్పిండా?"

అమ్మ కిరాయి గదిలోకి వెళ్లి అవ్వకు చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది.

నాయిన తలుపు తీసి అవ్వను లోపలికి పంపి, తువ్వాలు నెత్తిన వేసుకుని ఇంటికి వీపు పెట్టి అరుగు మీద కూర్చున్నాడు. ఫిన్నీ తమలపాకుల పొట్లం తెచ్చి ఆయనకు ఇచ్చి, నా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. నేను గల్లీలో కొట్లాడిన రోజు నుంచి అతనితో మాట్లాడలేదు.

"ఎంసెట్ అయింది గద" అన్నాడు.

"అయితే?"

"ఇంకొకటి గూడ సెప్పాలె."

"మల్ల మా అవ్వ సంగతేనా?"

"కాదు." అతని చెవులు ఎర్రబడ్డాయి. చెయ్యి చాపాడు. "చేతిల ముల్లు ఇరిగి లోపల్నే ఉన్నది. తీస్తవా?"

చెప్పాలనుకున్నది అది కాదని నాకు తెలుసు. ఈ మనిషి ఏదీ ఒక్కసారికి చెప్పడు. "మీ చెల్లెను తియ్యమను" అన్నాను. అని, పిన్నీసు కోసం లోపలికి వెళ్లాను.

తిరిగి వచ్చేసరికి కరెంటు పోయింది. సందంతా నిశ్శబ్దమై చప్పుడు మొదలైంది. దారిన పోతున్న నర్సయ్య సైకిల్ దిగి భయంగా మా తలుపు వైపు చూశాడు. "ఏం సప్పుడే నగేషూ?"

"మా అమ్మ" అన్నాడు నాయిన.

నర్సయ్య తల ఊపి సైకిల్ నడిపించుకుంటూ వెళ్లాడు. దంచడం ఆగింది. ఏడుపు మొదలైంది. నాయిన కదల్లేదు, మెల్లగ అనలేదు. అరుగు మీద అలాగే కూర్చుని పూర్తిగా విన్నాడు.

చాలాసేపటికి అవ్వ బయటికి వచ్చింది. గుప్పిట్లో ఆకు ముద్ద. అటూ ఇటూ చూసి నాయిన ముందు చెయ్యి తెరిచింది. నాయిన ఏనాడూ ఆకు నమిలినవాడు కాదు. తీసుకుని నోట్లో వేసుకున్నాడు.